నక్క పడవలో నాలుగు బొమ్మలు: అసలేదో నకిలీ ఏదో పట్టుకోవడం ఎలా?

విజయనగరం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్నకి జవాబు ఇది. ఆమె డిగ్రీ చదువుతోంది. తమ్ముడితో కలిసి నింటెండో స్విచ్‌లో 'యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్' ఆడుతోంది. ఆటలో నక్క దగ్గర వరసగా ఐదు బొమ్మలు కొంటే, మూడు నకిలీవని మ్యూజియం గుడ్లగూబ తీసుకోనందట. సరే అని నెట్‌లో ఏ బొమ్మ నకిలీయో గుర్తులు రాసిన జాబితా చూసి కొంటుంటే తమ్ముడేమో "చీటీ పెట్టి పరీక్ష రాసినట్టే కదా అప్పా" అంటున్నాడట. అందుకని మూడు సంగతులు అడిగింది. జాబితా చూడకుండా నకిలీని పట్టుకోగలమా? ఇప్పటికే కొన్న నకిలీల్ని ఏం చేయాలి? మన ఊరి బొమ్మలు ఆటలో పెట్టుకోవచ్చా?

అమ్మా, ముందు సూటిగా చెప్తాను. పట్టుకోగలరు. అయితే నక్క పడవలోకి వెళ్ళాక మొదలుపెడితే కుదరదు. అసలు బొమ్మతో అంతకు ముందే పరిచయం ఉండాలి. మన ఇంటి మనిషి జుట్టు కత్తిరించుకొస్తే గుమ్మంలోనే తెలిసిపోతుంది, ఎవరూ జాబితా ఇవ్వక్కర్లేదు. బొమ్మలతోనూ అంత చనువు పెంచుకోవచ్చు.

నేను శ్రీకాకుళంలో 28 ఏళ్ళుగా హైస్కూలు పిల్లలకి డ్రాయింగ్ చెప్తున్నాను. మా అన్నయ్య కూతురు 2020లో ఈ ఆట చూపించి "చిన్నాన్నా, ఇందులో నీ బొమ్మలున్నాయి" అంది. అప్పటి నుంచి ఇద్దరం కలిసి ఆడుతున్నాం. మొత్తం 43 కళాఖండాలూ మా ద్వీపం మ్యూజియంలో చేరాయి. చివరి పది మాత్రం నేను జాబితా ముట్టుకోకుండా కొన్నాను.

ఆట తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. 2020 మార్చి 20న వచ్చిన ఆట ఇది. మీకో చిన్న ద్వీపం ఇస్తారు. చెట్లు నాటుకోవచ్చు, చేపలు పట్టుకోవచ్చు, ఇల్లు కట్టుకోవచ్చు, ఇరుగుపొరుగు జంతువులతో కబుర్లాడుకోవచ్చు. గెలుపు ఓటములు లేవు. అదే ఏడాది ఏప్రిల్ 23న వచ్చిన అప్‌డేట్‌తో మ్యూజియంలో కళా విభాగం చేరింది. అందులో 30 చిత్రాలు, 13 శిల్పాలు. ఒక్కటి కూడా కల్పితం కాదు. అన్నీ ప్రపంచంలో నిజంగా ఉన్నవే. వాటిని అమ్మేది రెడ్ అనే నక్క. దాని పడవ ద్వీపానికి ఉత్తరాన, వెనక వైపున్న చిన్న ఇసుక మేట దగ్గర ఆగుతుంది. లోపల మసక వెలుతురు, నాలుగు బొమ్మలు. ఒక్కోటి 4,980 బెల్స్ (ఆటలో చెల్లే డబ్బు). రోజుకి ఒక్కటే అమ్ముతుంది, మర్నాడు పోస్టులో వస్తుంది. మొదటిసారి ద్వీపంలో ఎదురైనప్పుడు మాత్రం ఒక బొమ్మకి 4,98,000 బెల్స్ చెప్తుంది. మీరు కాదంటే చివరికి 4,980కి దిగుతుంది. సంతలో బేరమాడడం తెలిసినవాళ్ళకి ఆ నక్క కొత్తేమీ కాదు. ఆ మొదటి బొమ్మ ఎప్పుడూ అసలుదే. టెన్షన్ అంతా ఆ తర్వాతే.

ఇక్కడ ఆట తయారుచేసినవాళ్ళ తెలివి గమనించండి. పడవలో బొమ్మ అసలు పేరు గానీ, గీసినవాళ్ళ పేరు గానీ చెప్పరు. ఆట పెట్టుకున్న పొట్టి పేరొకటే ఉంటుంది. మ్యూజియానికి ఇచ్చాక, గోడకి తగిలించాక, పక్కనున్న పలక మీద అసలు పేరు, గీసినవారు, కాలం కనిపిస్తాయి. అంటే కొనేటప్పుడు కంటిని నమ్ముకోవాలి, చదువు తర్వాత వస్తుంది. మన బళ్ళలో దీనికి తలకిందులుగా జరుగుతుంది. ముందు పేరు, సంవత్సరం బట్టీ పట్టిస్తాం. పిల్లవాడు బొమ్మ చూడకుండానే రెండు మార్కులు తెచ్చుకుంటాడు.

ఎలా చూడాలో ఒక్క బొమ్మతో చెప్తాను. వెర్మీర్ అనే డచ్చి చిత్రకారుడు 1658 ప్రాంతంలో గీసిన బొమ్మ, పాలు ఒంపుతున్న పనమ్మాయిది. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్‌మ్యూజియంలో ఉంది. అచ్చులో చూసి చాలా పెద్దదనుకుంటాం గానీ, నిజానికి 45.5 సెంటీమీటర్ల ఎత్తు, 41 సెంటీమీటర్ల వెడల్పు, అంతే. కిటికీ పక్కన ఒకావిడ మట్టి జాడీలోంచి గిన్నెలోకి పాలు పోస్తుంటుంది. బల్ల మీద రొట్టెలు. ఆమె కదలదు, కిటికీ కదలదు, గోడకి కొట్టిన మేకు కూడా అలాగే ఉంటుంది. గదంతటిలో కదులుతున్నది ఆ పాలధార ఒక్కటే, అదీ దారప్పోగంత సన్నం. మీగడ జారకుండా మన అమ్మలు పాలు ఒంపుతారు చూడండి, ఒక చెయ్యి జాడీ పిడి మీద, ఇంకో చెయ్యి అడుగున, కళ్ళు ధార మీద. అదే నిలబడడం, అదే చూపు.

ఆటలో నకిలీ బొమ్మలో ఆ ధార లావుగా, ఎక్కువగా పడుతుంది. మిగతా అంతా అదే. జాబితా చదివినవాళ్ళు 'పాలు ఎక్కువ పడితే నకిలీ' అని గుర్తు పెట్టుకుని ముందుకు పోతారు. బొమ్మ తెలిసినవాళ్ళకి మాత్రం అది కళ్ళలో గుచ్చుకుంటుంది. అన్ని పాలు అలా కుమ్మరిస్తే ఆ మణికట్టు అలా ఉండదు, ఆ మొహంలో అంత నిదానం ఉండదు. ధార మారితే మనిషే మారాలి, ఇక్కడ మారలేదు. అందుకే అది అబద్ధం. ఈ ఒక్క మార్పు ఎంచుకున్నవాళ్ళెవరో గానీ, బొమ్మ ప్రాణం ఎక్కడుందో తెలిసే అక్కడ చెయ్యి పెట్టారు.

వెర్మీర్‌దే ఇంకొకటి, 1665 ప్రాంతపు ముత్యపు లోలాకు అమ్మాయి. హేగ్ నగరంలో మారిట్స్‌హౌస్ మ్యూజియంలో ఉంది. నకిలీలో ముత్యం బదులు నక్షత్రం ఆకారపు లోలాకు ఉంటుంది. ఇది ఎవరికైనా కనిపించేదే. కానీ అసలు ముత్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అక్కడ వెర్మీర్ గుండ్రంగా గీత గీసి ముత్యం వేయలేదు. పైన తెల్లటి చుక్క, కింద కాలరు తెలుపు పడిన లేత నీడ. ఆ రెంటితోనే మన కన్ను ముత్యాన్ని పూర్తి చేసుకుంటుంది. చెవికి తగిలించే కొక్కెం కూడా లేదని మ్యూజియం వాళ్ళు పరిశీలించి తేల్చారు. నక్షత్రానికైతే అంచులు గీయాలి. అంచు గీసిన క్షణమే ఆ గాలిలో తేలే వెలుగు పోతుంది.

మోనాలిసా సంగతి అందరికీ తెలుసనుకుంటాం గానీ, నా తరగతిలో ఎప్పుడడిగినా పిల్లలు ఆమెకి కనుబొమలు గీసేస్తారు. నకిలీలోనూ అదే, కనుబొమలుంటాయి. మన మనసు మొహాలకి కనుబొమలు తనే పెట్టేసుకుంటుంది. ఇక్కడ ఒక జాగ్రత్త. లియొనార్డో కనుబొమలు గీయనేలేదని గట్టిగా అనకండి. 16వ శతాబ్దంలో కళాకారుల జీవితాలు రాసిన వసారి వర్ణనలో ఆమె కనుబొమల ప్రస్తావన ఉంది. పారిస్ లూవ్ర్‌లో ఇప్పుడున్న బొమ్మలో అవి కనబడవు, మనకి అంతవరకు చాలు. లియొనార్డోదే ఎర్మిన్ పట్టుకున్న యువతి బొమ్మలో ఆ ముంగిసలాంటి జంతువు తెల్లగా ఉండాలి. నకిలీలో ముదురు మచ్చలు పడతాయి.

రెంబ్రాంట్ 1642లో గీసిన 'నైట్ వాచ్'లో మధ్యనున్న నల్లబట్టల కెప్టెన్‌కి టోపీ లేకపోతే నకిలీ. వెలాస్కెజ్ 1656 నాటి 'లాస్ మెనినాస్'లో వెనక తలుపు దగ్గర మెట్ల మీద నిలబడ్డాయన చెయ్యి పైకెత్తితే నకిలీ. ఈ రెండోది నాకు చాలా ఇష్టమైన పరీక్ష. ఆ బొమ్మలో అద్దంలో కనిపించే రాజు, రాణితో కలిపి 11 మంది మనుషులు, ఒక కుక్క. అందరి కళ్ళూ ముందున్న చిన్న రాకుమారి మీదికే పోతాయి. మార్పు మాత్రం అన్నిటికంటే దూరంగా, అన్నిటికంటే చిన్నగా ఉన్న మనిషిలో పెట్టారు. బొమ్మని లోపలి దాకా నడిచి చూసినవాళ్ళకే దొరుకుతుంది.

మీరు చేయాల్సిన సాధన చెప్తాను. నా పిల్లలు దీనికి 'చూసి, మూసి, గీసి' అని పేరు పెట్టారు. ఫోన్లో ఒక బొమ్మ తీయండి. ఐదు నిమిషాలు చూడండి. ఫోన్ బోర్లించి, గుర్తున్నది పెన్సిల్‌తో గీయండి. చక్కగా రానక్కర్లేదు, ఎవరెక్కడున్నారు, చేతులెక్కడున్నాయి, వెలుగు ఏ వైపు నుంచి వస్తోంది, అంతే. తర్వాత పక్కపక్కన పెట్టి చూడండి. మీరు వదిలేసినదేదో, ఊహించి పెట్టేసినదేదో అక్కడే మిమ్మల్ని నక్క మోసం చేస్తుంది. రోజుకొక బొమ్మ చొప్పున చేస్తే నెలన్నరలో 43 పూర్తవుతాయి. చాలా మ్యూజియాలు తమ బొమ్మల్ని ఉచితంగా చూపిస్తున్నాయి. రైక్స్‌మ్యూజియం వాళ్ళు 2022లో 'నైట్ వాచ్' ఫొటోని 717 గిగాపిక్సెల్స్‌లో పెట్టారు. రంగు బీటలు కూడా కనిపిస్తాయి. మీ తమ్ముడిని పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. ఇది చీటీ పెట్టడం కాదు, చదువుకుని పరీక్షకి వెళ్ళడం. జాబితా తప్పేమీ కాదు గానీ, అది మీకు ఫలితం మాత్రమే ఇస్తుంది.

శిల్పాల్లో నకిలీలు చాలావరకు సులువు. మైకెలాంజిలో డేవిడ్ చంకలో పుస్తకం, మిలో వీనస్ మెడలో గొలుసు, చైనా మట్టి సైనికుడి చేతిలో పార, మెక్సికో ప్రాచీన ఓల్మెక్ రాతి తల మొహాన నవ్వు, రోజెట్టా శిల నీలం రంగులో. ఒక్కసారి చెప్తే గుర్తుంటాయి. చైనా కంచు పాత్రకి మాత్రం కాస్త ఆగాలి. నకిలీకి మూత ఉంటుంది. అసలు పాత్ర 1939లో అన్యాంగ్‌లో దొరికింది, 832 కిలోలకు పైగా బరువు, నాలుగు కాళ్ళ మీద నిలబడుతుంది. మన బుడితి ఇత్తడి పని చూసినవాళ్ళకి ఆ బరువంటే ఏమిటో తెలుస్తుంది. మట్టి అచ్చులు ముక్కలుగా చేసి, జతకూర్చి, అంత కంచుని మూడు వేల ఏళ్ళ కిందట పోశారు.

చక్రం విసిరేవాడి శిల్పం గురించి మాత్రం కొంచెం ఎక్కువ చెప్పాలి. నకిలీ చేతికి గడియారం ఉంటుంది. దాన్ని చూసి మా అన్నయ్య కూతురు పడీపడీ నవ్వింది. నేను తనని ఒక ప్రశ్న అడిగాను. సరే, గడియారం లేనిది అసలుదేనా? గ్రీకు శిల్పి మైరన్ ఇది కంచులో చేశాడు, క్రీస్తుకి పూర్వం 5వ శతాబ్దంలో. ఆ కంచు విగ్రహం ఎప్పుడో పోయింది. ఈరోజు మనం చూసేవన్నీ రోమన్లు పాలరాతిలో చెక్కుకున్న ప్రతులు. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న ప్రతికైతే, విరిగిన తలని అతికించేటప్పుడు తప్పు దిక్కుకి అతికించారు. వెనక్కి తిరిగి చక్రం వైపు చూడాల్సిన తల కిందికి చూస్తుంది. అంటే గుడ్లగూబ బ్లేథర్స్ మురిసిపోయి తీసుకునే అసలు కూడా ఒక ప్రతే.

రోము నగరపు తోడేలు తల్లి విగ్రహం కూడా ఇంతే. ఆటలో దాని నాలుక బయటికి వేలాడితే నకిలీ. కానీ అసలు విగ్రహం కింద పాలు తాగుతున్న ఇద్దరు పిల్లలూ 15వ శతాబ్దంలో చేర్చినవాళ్ళే. రోడాన్ చేసిన 'ఆలోచించేవాడు'కి ఒకే నమూనా నుంచి పోసిన కంచు విగ్రహాలు లోకమంతటా ఉన్నాయి, వాటినీ అసలుగానే లెక్కిస్తారు. హొకుసాయి 'మహా కెరటం' 1831 ప్రాంతంలో చెక్క అచ్చులతో కాగితం మీద వేలకొద్దీ ముద్రించిన బొమ్మ. మరి నకిలీ అంటే ఏమిటి? నేను పిల్లలకి చెప్పేది ఒకటే. ప్రతి చేయడం తప్పు కాదు, అందరం అలాగే నేర్చుకుంటాం. వాన్ గో ఎన్నోసార్లు మిలే అనే ఫ్రెంచి చిత్రకారుడి బొమ్మలు చూసి మళ్ళీ గీసుకున్నాడు. ప్రతిని అసలని చెప్పి అమ్మడమే తప్పు. ఆటలో తప్పు చేసింది బొమ్మ కాదు, నక్క.

ఇది నాకు అనుభవం మీద తెలిసింది. కొన్నేళ్ళ కిందట విశాఖలో ఒక ప్రదర్శనలో, చేత్తో వేసిన గిరిజన చిత్రమని చెప్పి ఒక దుకాణంవారు నాకు ఫ్రేము కట్టిన బొమ్మ అమ్మారు. నా నెల జీతంలో పెద్ద ముక్కే పెట్టాను. ఇంటికొచ్చి భూతద్దంతో చూస్తే గీతల్లో కుంచె జాడ లేదు, అన్నీ సన్నటి రంగు చుక్కలు. ప్రింటరు అచ్చు. డబ్బు పోయినందుకు బాధపడ్డాను, కానీ అంతకంటే ఎక్కువ బాధ, ఆ డబ్బు ఎవరో వేసినవాళ్ళకి చేరిందనుకున్నందుకు. ఆ తర్వాత ఏ బొమ్మ కొన్నా అద్దం పెట్టి చూస్తాను, వేసినవాళ్ళ ఊరు, పేరు అడుగుతాను. మీరూ అడగండి.

కెరటం బొమ్మ మాటొచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఒకసారి కళింగపట్నం వైపు నుంచి వచ్చే పిల్లలున్న తరగతిలో ఆ బొమ్మ చూపించి, మొదట ఏం కనిపించిందని అడిగాను. పట్నం పిల్లలు కెరటం అన్నారు, ఒకరిద్దరు వెనకున్న ఫుజీ కొండ అన్నారు. వేటకెళ్ళే ఇళ్ళ పిల్లలు ముగ్గురు మాత్రం ఒకేసారి "పడవలు" అన్నారు. నిజమే, అందులో మూడు పడవలున్నాయి, లోపల మనుషులు తలలు వంచుకుని తెడ్లు పట్టుకుని ఉన్నారు. ఒకడు లేచి, "మేష్టారూ, ఆళ్ళు బయపడి వంగలేదు, కెరటం దాటడానికి ఒంగారు" అన్నాడు. ఆ బొమ్మకి ఆటలో నకిలీ లేదు. అయినా చూడడం అంటే ఏమిటో నాకు ఆ రోజు ఆ పిల్లలు చెప్పారు. అలా నకిలీ లేని బొమ్మలు ఇంకా ఉన్నాయి. వాన్ గో పొద్దుతిరుగుడు పువ్వులు, ఆయనదే నక్షత్రాల రాత్రి, సెరా గీసిన ఆదివారపు మధ్యాహ్నం, టర్నర్ పాత యుద్ధనౌక, రోడాన్ ఆలోచించేవాడు. వీటిలో ఏది కనిపించినా భయం లేకుండా కొనండి.

రెండో ప్రశ్న, నకిలీల్ని ఏం చేయాలి? దుకాణంలో వాటిని కొనరు, మ్యూజియం తీసుకోదు. చాలామంది చెత్తబుట్టలో వేస్తారు. నేనైతే వద్దంటాను. మేం మా ఆటలో ఇంట్లో ఒక గది వాటికే ఇచ్చాం. మ్యూజియంలో అసలు చూసి వచ్చి, ఇంట్లో నకిలీ చూడడం కంటే మంచి పాఠం లేదు. పైగా కొన్ని నకిలీలు రాత్రిపూట మారతాయి. ముత్యం బదులు నక్షత్రం పెట్టుకున్న ఆ అమ్మాయి చీకటి పడ్డాక కళ్ళు మూసుకుంటుంది. జపాన్ జోమోన్ కాలపు మట్టిబొమ్మ నకిలీ, నెత్తిన కొమ్ముల్లాంటి యాంటెన్నాలున్నది, రాత్రి గాలిలోకి లేస్తుంది. మీ తమ్ముడు ఈ గదిలోంచి కదలడు, చూడండి.

పడవ కోసం వారాల తరబడి ఎదురుచూసే ఓపిక లేకపోతే, 2021 నవంబరులో వచ్చిన 2.0 అప్‌డేట్ తర్వాత ఆటలోనే ఉన్న హార్వ్ అనే పాత్ర ద్వీపంలో కూడా రెడ్ దుకాణం పెట్టించుకోవచ్చు. దానికి ముందు 1,00,000 బెల్స్ చందా ఇవ్వాలి. అక్కడ రెండేసి బొమ్మలుంటాయి. నేను మాత్రం పడవకే ఓటేస్తాను. నాలుగు పక్కపక్కన ఉంటే కన్ను పోల్చుకుంటుంది.

మూడో ప్రశ్నకి వద్దాం. మీరు అడగాల్సిన అసలు ప్రశ్న ఇదే. ఆ 43లో మన దేశపు కళాఖండం ఒక్కటీ లేదు. మన బొమ్మ కావాలంటే మనమే వేసుకోవాలి. ఆటలో సొంతంగా డిజైన్ వేసుకునే వీలుంది, అడ్డం 32 గళ్ళు, నిలువు 32 గళ్ళు, అంటే 1,024 గళ్ళు. 15 రంగులు వాడుకోవచ్చు. మేం డ్రాయింగ్ తరగతిలో బొమ్మ మీద గళ్ళు గీసి పెద్దది చేయడం నేర్పుతాం కదా, అదే పద్ధతి. ఇక్కడ ఒక గడిలో ఒకే రంగు పడుతుంది, అది తేడా. నాలుగు డిజైన్లు కలిపి పరిస్తే అడ్డం 64, నిలువు 64 గళ్ళ బొమ్మ వస్తుంది.

ఫొటో నుంచి నేరుగా మార్చే దారి కూడా ఉంది. అమెరికాలో గెట్టి మ్యూజియం 2020లోనే తమ బొమ్మల్ని ఆటలోకి పంపే ఒక సాధనం పెట్టింది. అది ఇచ్చే క్యూఆర్ కోడ్‌ని ఫోన్ యాప్‌తో స్కాన్ చేస్తే డిజైన్ ఆటలోకి వస్తుంది. పని సులువే గానీ, యంత్రం 32 గళ్ళలోకి కుదించినప్పుడు ఏది ముఖ్యమో దానికి తెలియదు. వెనక గోడకీ, కంటిపాపకీ ఒకే విలువ ఇస్తుంది. మొదటి బొమ్మ చేత్తోనే వేయండి.

అందుకని ఏ బొమ్మ ఎంచుకోవాలన్నది చాలా ముఖ్యం. శ్రీకూర్మం గుడి గోడల మీద పాత చిత్రాలు నాకు ప్రాణం. కానీ వాటిలో సన్నటి గీతలు, గుంపులు గుంపులుగా మనుషులు. నేను మూడుసార్లు ప్రయత్నించాను, 64 గళ్ళలో కూడా మొహాలు నిలబడలేదు. శాలిహుండం బౌద్ధ విగ్రహాలు కొంత నయం. వంశధార ఒడ్డున గిడుగు రామమూర్తి గారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటది. అక్కడి మ్యూజియంలో తార, మారీచి విగ్రహాలున్నాయి. రాయికి మూడు నాలుగు బూడిద ఛాయలు చాలు. అయితే ఒక మాట. అక్కడి విగ్రహాల్లో విరిగినవి విరిగినట్టే వేయండి, ముక్కు, చెయ్యి మీరు పూర్తి చేయకండి. చేతులు లేకుండానే మిలో వీనస్‌ని లోకమంతా చూస్తోంది కదా.

గళ్ళకి చక్కగా ఒదిగేది సవర బొమ్మ. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడ మీద బియ్యప్పిండితో వేస్తారు. ఒడిశా వైపు వాటిని ఇడితాల్ అంటారు. చుట్టూ అంచు, లోపల సన్నటి మనుషులు, గుర్రాలు, ఏనుగులు, చెట్లు, పైన సూర్యుడు, చంద్రుడు. ఎరుపు, తెలుపు, కాస్త నలుపు, మూడు రంగులతో అయిపోతుంది. మనిషికి ఆరేడు గళ్ళ ఎత్తు ఇస్తే కాళ్ళు, చేతులు తెలుస్తాయి. కానీ అమ్మా, అది వాళ్ళకి ఉత్త అలంకారం కాదు, దేవతల్నీ పెద్దల్నీ పిలిచి వేసుకునే బొమ్మ. ఆటలో డిజైన్లని నేల మీద పరిచి దారులు చేసుకుంటారు. దీన్ని మాత్రం నేల మీద పరవకండి. గోడకి తగిలించండి, ఎవరి బొమ్మో పక్కన రాయండి. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటపడను.

మీరు విజయనగరం వాళ్ళు కాబట్టి, నా మనసులో ఉన్నది ఇంకొకటి, పైడితల్లమ్మ సిరిమాను. దసరా తర్వాత మంగళవారం మీరు ఏటా చూసేదే. బొమ్మగా ఆలోచిస్తే అదొక ఏటవాలు గీత. కింద రథం బరువు, పైన మాను కొసన ఒక్క మనిషి. చట్రం అంతటిలో అంత ఖాళీ, అంత ఎత్తు. గళ్ళలో ఏటవాలు గీత గీస్తే మెట్లు మెట్లుగా కనిపించి చికాకు పెడుతుంది. ప్రతి మెట్టూ ఒకే కొలతలో ఉంచండి, రెండు గళ్ళు పక్కకి, ఒక గడి పైకి, మళ్ళీ రెండు పక్కకి, ఒకటి పైకి. ఒక్కచోట మూడు పడినా మాను విరిగినట్టు కనిపిస్తుంది. పూజారి గారికి నాలుగు గళ్ళ కంటే ఎక్కువ ఇవ్వకండి. చిన్నగా ఉంటేనే ఎత్తు తెలుస్తుంది. తెల్ల ఏనుగు, పాలధార, జాలరి వల కూడా పెట్టాలనిపిస్తుంది. వాటికి వేరే డిజైన్లు చేసి పక్కన పెట్టుకోండి, మాను ఉన్న చట్రంలోకి రానివ్వకండి.

చివరగా ఒక బొమ్మ పేరు చెప్తాను. నక్క పడవలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కోతలైపోయిన పొలంలో ముగ్గురు ఆడవాళ్ళు, ఇద్దరు నేలకి వంగి, మూడో ఆవిడ సగం లేచి. మిలే 1857లో గీశాడు, పారిస్ ఓర్సే మ్యూజియంలో ఉంది. వాళ్ళు చేస్తున్న పనికి మన దగ్గర చక్కని మాటుంది, పరిగె ఏరుకోవడం. నేను ఈ బొమ్మని ఎన్నో ఏళ్ళు తరగతిలో చూపించాను. వంగిన వీపుల గీత, దూరాన బంగారు కుప్పలు, దగ్గర నీడ, అన్నీ చెప్పాను. మ్యూజియంలో ఆ బొమ్మ తగిలించిన రోజు మా అమ్మ టీవీ ముందుకొచ్చి కూర్చుంది. చిన్నప్పుడు పరిగె ఏరిన మనిషి. కాసేపు చూసి, "ఆ మూడో ఆవిడకి నడుం పట్టేసిందిరా. అందరం అలాగే ఓసారి లేస్తాం" అంది. తర్వాత టీవీ దగ్గరికి జరిగి, కుడి పక్కన దూరంగా గుర్రం మీదున్న మనిషిని వేలితో చూపించి, "ఈయన కామందు మనిషి. ఎక్కువ ఏరకుండా చూస్తున్నాడు" అంది. అంత చిన్న బొమ్మలో గుర్రాన్ని మా అన్నయ్య కూతురు గానీ నేను గానీ ఆ రోజు గమనించనేలేదు.

ఆ బొమ్మకి ఆటలో నకిలీ లేదు. కనిపిస్తే కొనేయండి. మ్యూజియంలో పెట్టిన రోజు మీ అమ్మమ్మనో నాయనమ్మనో పిలిచి చూపించండి. వాళ్ళేమన్నారో ఇక్కడ రాస్తే నేను చదువుతాను.